నీటి ఒడ్డున కట్టడం: అనుమతి ప్రమాణాల్లో వెనక్కి పోయిన ప్రశ్న

సముద్రం ఒడ్డునో, చెరువు పక్కనో కట్టడానికి అనుమతి అడిగితే మన కార్యాలయాల్లో ముందుగా తేల్చేది దూరం లెక్క. పోటు గీత నుంచి ఎన్ని మీటర్లు, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) నుంచి ఎన్ని మీటర్లు అన్నది తేలితే దరఖాస్తు సగం తేలినట్టే. ఆ కట్టడం నీటి పక్కనే ఎందుకుండాలి అని అడిగేవారు తక్కువ. మన దేశంలో తీర నియంత్రణ మొదలైనప్పుడు ఈ ప్రశ్నకున్న చోటు ఇంత చిన్నది కాదు. అది ఎలా వెనక్కి పోయింది, దానివల్ల ఆంధ్ర తీరానికీ తెలుగు నేల మీది చెరువులకూ కలిగిన నష్టమేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను.

1981లో ప్రధాని ఇందిరా గాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాస్తూ, పోటు నీరు చేరే చోటు నుంచి 500 మీటర్ల వరకు తీరాన్ని నిర్మాణాలకు దూరంగా ఉంచాలని కోరారు. లేఖకు చట్టబలం లేదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న వెలువడిన తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ ఆ బలాన్ని ఇచ్చింది. మనం సీఆర్‌జెడ్ అని పిలుచుకునేది దీన్నే. ఇందులో రెండు కొలబద్దలున్నాయి. మొదటిది అవసరం: నీటి ముఖం, ఒడ్డు సదుపాయాలు తప్పనిసరైన పనులకే మండలిలో అనుమతి. రేవు, జెట్టీ, చేపల దింపుడు కేంద్రం వంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండోది దూరం: పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు నియంత్రణ, గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో నిర్మాణ నిషేధం. అవసరం గురించి అడగకుండా దూరం ఒక్కదాన్నే కొలిస్తే, 201వ మీటరు దగ్గర లేచే విలాస భవనానికీ తెప్పలు నిలిపే షెడ్డుకూ చట్టం దృష్టిలో తేడా ఉండదు.

ఆ తర్వాత నోటిఫికేషన్‌కు సవరణలు వరసగా వచ్చాయి. 2011లో కొత్తది వచ్చింది, 2019 జనవరిలో మరొకటి. ప్రతిసారీ ఎక్కువగా మారినవి అంకెలే. ఆటుపోట్లు తగిలే నదులు, పాయల వెంట 100 మీటర్లున్న హద్దు 2019లో 50 మీటర్లకు తగ్గింది. పాయ వెడల్పు అంతకన్నా తక్కువైతే ఆ వెడల్పే హద్దు. 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి జనం ఉన్న గ్రామీణ తీరంలో నిర్మాణ నిషేధ పట్టీ 200 నుంచి 50 మీటర్లకు కుదించుకుపోయింది. మత్స్యకారుల ఇళ్లకు చోటు కావాలన్న వాదన న్యాయమైనదే. ఒడ్డున తరతరాలుగా బతికేవారిని నిబంధనల పేరుతో వెళ్లగొట్టడాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆ వెసులుబాటును వారి ఇళ్లకే పరిమితం చేయకుండా పట్టీనే కుదించడంతో, ఖాళీ అయిన 150 మీటర్లలోకి డబ్బున్న ఎవరైనా వచ్చే దారి తెరుచుకుంది. అంతేకాదు, జనం ఎక్కువున్న చోటే తుఫానుకు అడ్డుగా నిలిచే ఖాళీ నేల సన్నబడింది.

గీత సంగతి కూడా తేలికైనది కాదు. పున్నమికీ అమావాస్యకూ వచ్చే పెద్ద పోటు నేల మీద ఎంతవరకు చేరుతుందో అదే పోటు గీత. మ్యాపు మీద గీసిన రోజున అది నిజమే. కాకినాడ దగ్గరి ఉప్పాడకు వెళ్లినవారికి ఆ గీత ఎంత అస్థిరమో వివరించనక్కర్లేదు. అక్కడ ఇళ్లూ రోడ్డూ దశాబ్దాలుగా కోతకు గురవుతూనే ఉన్నాయి. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో గోదావరి, కృష్ణా డెల్టాల అంచుకు చేరే మట్టి తగ్గింది. కోత, అలల ఉధృతి, సముద్రమట్టం పెరుగుదల లెక్కగట్టి సర్వే ఆఫ్ ఇండియా గీసిన ప్రమాద రేఖ ఉంది. అయితే 2019 నోటిఫికేషన్ దాన్ని విపత్తు నిర్వహణకూ ప్రణాళికకూ ఉపకరణంగా చూసిందే గాని, కట్టడాలను ఆపే హద్దుగా పెట్టలేదు. తీరం కదులుతుందని ఒప్పుకుని, అనుమతికి మాత్రం కదలని గీతను వాడటం ఈ ప్రమాణాల్లో పెద్ద లోపమని నా అభిప్రాయం.

అవసరమన్న కొలబద్దను సూటిగా ప్రయోగించిన తీర్పు మన తీరాన్నీ తాకింది. గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల పరిశ్రమను పరిశీలించింది. ఈ పరిశ్రమకు ఒడ్డు సదుపాయాలు నేరుగా అవసరం లేదు, కనుక సీఆర్‌జెడ్‌లో దానికి చోటు లేదు అని తేల్చింది. సంప్రదాయ పద్ధతులకు మినహాయింపు ఇచ్చి, మిగతా చెరువులను తొలగించమంది. తాగునీటి బావులు ఉప్పుబారడం, మత్స్యకారులకు సముద్రానికి వెళ్లే దారి మూసుకుపోవడం ఆ తీర్పులో నమోదయ్యాయి. నెల్లూరు తీర గ్రామాలకు ఈ రెండు బాధలూ కొత్తవి కావు. తీర్పు తర్వాత పార్లమెంటు 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. 2023 సవరణతో సీఆర్‌జెడ్‌లో ఈ సాగుకు మరింత వెసులుబాటు ఇచ్చింది. రొయ్యల ఎగుమతి మీద బతికే కుటుంబాలు ఆంధ్రలో చాలా ఉన్నాయి, వాటిని కాదనలేం. కానీ అవసరమా కాదా అన్న విచారణకు అక్కడ తెరపడింది. మిగిలింది మళ్లీ దూరమే: 2005 చట్టం కొత్త చెరువులకు పెట్టిన హద్దు పోటు గీత నుంచి 200 మీటర్లు.

ప్రమాణం ఏదైనా, అనుమతి ఇచ్చేది ఎవరన్నదీ ముఖ్యమే. అందుకు కేరళలోని మరడు ఉదంతం చాలు. సీఆర్‌జెడ్ పరిధిలో నాలుగు అపార్టుమెంటు సముదాయాలకు స్థానిక పంచాయతీ అనుమతులిచ్చింది, తీర నిర్వహణ అథారిటీ సమ్మతి లేకుండానే. సుప్రీంకోర్టు 2019 మేలో కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో అవి నేలమట్టమయ్యాయి. ఇళ్లు కొన్నవారు, అనుమతి పత్రం చూసే కొన్నవారు, వాటిని పోగొట్టుకున్నారు.

లోపలి జలాల దగ్గరికి వస్తే పరిస్థితి మరింత సున్నితమైనది. 2017 చిత్తడి నేలల నియమాలు, గడచిన పదేళ్లలో నమోదైన వరద మట్టాల సగటు నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత నిర్మాణాలను నిషేధించాయి. కొలత పద్ధతిగా ఇది బాగుంది. నీరు నిజంగా ఎక్కడిదాకా వచ్చిందో అదే చూస్తుంది. అయితే సాగునీటికీ తాగునీటికీ మనుషులు తవ్వుకున్న చెరువులను చిత్తడి నేలల నిర్వచనం నుంచే ఆ నియమాలు తప్పించాయి. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువుల మీద ఊళ్లు నిలబెట్టుకున్న మనకు ఈ మినహాయింపు ఎంత పెద్దదో వేరే చెప్పాలా! మన చెరువులకు మిగిలిన రక్షణల్లో ప్రధానమైనది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో ఇచ్చిన జీవో 168: పది హెక్టార్లూ అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు, పది మీటర్ల వెడల్పు మించని నాలాలకు 2 మీటర్లు. పై చెరువు అలుగు పోసిన నీరు కింది చెరువుకు చేరాల్సింది ఆ నాలా గుండానే. కాలువ గట్టు మీద లేచిన ఒక్కో ఇంటికి విడివిడిగా అనుమతి ఇస్తూ పోతే, ఏ ఒక్క అనుమతీ తప్పు కాకుండానే గొలుసు తెగిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు నీరు తన పాత దారినే వెతుక్కుంది. ఆ నీరు చేరాల్సిన కొల్లేరు సరస్సుకు +5 కాంటూరు (సమాన ఎత్తు గీత) హద్దుగా 1999లోనే అభయారణ్య ప్రకటన వచ్చింది. చేపల చెరువుల గట్లు దాని లోపలే లేచాయి. 2006లో వాటిని కొట్టేయాల్సి వచ్చింది.

తిరుపతి పక్కన అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇక్కడ కీలకం. ప్రభుత్వమే ఆ చెరువుల భూమిని గృహ నిర్మాణానికి కేటాయించింది. సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని కోర్టు వర్తింపజేసి, కొత్త కట్టడాలను ఆపింది. ఉన్న ఇళ్లకు వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. ధర్మకర్త అనగానే దూరం లెక్క చాలదు. గుడి మాన్యాన్ని చూసే ధర్మకర్త ఆ భూమిని ఎవరికి, ఎందుకు ఇస్తున్నాడో, వేరే దారి లేకనే ఇస్తున్నాడా లేదా చెప్పుకోవాల్సి ఉంటుంది. నీటి ఒడ్డుకూ అంతే లెక్క చెప్పాలి.

అందుకే అనుమతి ఉత్తర్వులో దూరానికి ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా ఉండాలని నా ప్రతిపాదన. కట్టడానికి నీటి ఒడ్డు తప్పనిసరా, లోపలి నేలలో చోటు వెతికారా అన్నది ఒకటి. ఇదే పరీవాహకంలో, ఇదే తీరంలో అంతకుముందు ఇచ్చిన అనుమతులన్నీ కలిపి చూస్తే నీటికీ ఇసుకకూ దారి మిగులుతుందా అన్నది రెండోది. మూడోది ఒడ్డును వాడుకుంటున్నవారి సంగతి: అలివి వల లాగే జాగా, చేపలు ఎండబెట్టే ఇసుక, పశువులు దిగే రేవు. మత్స్యకారుల ఉమ్మడి స్థలాలను తీర ప్రణాళికల మ్యాపుల్లో చూపాలని సీఆర్‌జెడ్ నిబంధనలే అంటున్నాయి. ఆ మ్యాపును ఊళ్లో గ్రామసభ ముందు తెలుగులో పరిచి, వల లాగేవారి చేత గుర్తులు పెట్టించి, అప్పుడు దరఖాస్తు తీసుకోవాలి. ఉత్తర్వులో వాడిన పోటు గీత, ఎఫ్‌టీఎల్ ఏ సంవత్సరం కొలతలన్నది కూడా పేర్కొనాలి. ఉప్పాడ వంటి చోట ఆ ఏడాది పాతబడితే, కొత్త కొలత వచ్చేదాకా అనుమతి ఆగాలి.