పాలమూరు కుక్కకు పరుగు చోటు

మహబూబ్‌నగర్ కొత్త కాలనీల్లో పొద్దున్నే కుక్కను తిప్పడానికి బయల్దేరే వాళ్లందరిదీ ఒకటే వెతుకులాట. గొలుసు విప్పి, కాసేపు దాని మానాన దాన్ని పరుగెత్తనిచ్చే జాగా ఎక్కడుంది? రోడ్డు మీద వదిలితే బండ్ల కింద పడుతుంది, లేదా వీధికుక్కలు మీద పడతాయి. పార్కులోకి తీసుకెళ్తే పిల్లల తల్లులు హడలిపోతారు. ఇది డబ్బున్నవాళ్ల ముచ్చటని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నిన్నమొన్నటి దాకా పాలమూరులో, అంటే ఈ మహబూబ్‌నగర్‌లో, కుక్కకు గొలుసు ఎవరు వేశారు? ఊరి చుట్టూ ఉన్న బయలంతా దానిదే. ఆ బయలు ఎలా పోయిందో చూస్తే ఈ వెతుకులాట ఎంత న్యాయమైనదో అర్థమవుతుంది.

మొదట గొల్లకురుమల మంద దగ్గరికి వెళ్దాం. ఈ ఎత్తు నేలల్లో వాన తక్కువ, గుట్టలూ బీళ్లూ ఎక్కువ. గొర్రెల పెంపకానికి అనువైన సీమ. కోతలయ్యాక రైతులు తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు. గొర్రెల పెంట, మూత్రం నేలకు బలం. రాత్రి మంద నడుమ పడుకుంటే, కాపరి గొంగడి కప్పుకొని ఒక పక్కన ఒరుగుతాడు. కుక్కలు మాత్రం ఒకచోట ఉండవు. నాలుగు దిక్కులా తలోచోట పడుకొని, తోడేలు అలికిడైతే చాలు, కాపరి లేచేలోపే మంద అంచుకు చేరతాయి. కట్టేసిన కుక్క ఈ పని చేయలేదు. దాని విలువంతా దాని కాళ్లలోనే ఉంది. ఈ కాపరుల దేవుడు మల్లన్నకూ కుక్కే తోడు. కర్ణాటకలో మైలారుడనీ మహారాష్ట్రలో ఖండోబా అనీ కొలిచే ఆ దేవుడి బొమ్మల్లో కుక్క కనిపిస్తుంది. దక్కను పశువుల కాపరులు కుక్కకు ఇచ్చిన స్థానం అది.

ఇంకాస్త దక్షిణానికి పోతే నల్లమల. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి చూసినదంతా 1943లో పుస్తకంగా వేశాడు. అప్పటికి అది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయింది. చెంచుపెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, కుక్క వేటకు తోడు, రాత్రికి కావలి. కాపరికీ చెంచుకూ ఈ జిల్లా కుక్కను వదిలిపెట్టి తిప్పుకునే నేల.

అడవి మొదట తప్పుకుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. నేడు 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పెంపుడు కుక్కకు పని లేదు. కుక్కలకొచ్చే డిస్టెంపర్ వైరస్ 2018లో గిర్ సింహాలను చంపింది. అందుకే అడవికి కుక్కను దూరం పెట్టడం సబబే. పట్నం పక్కనున్న అప్పన్నపల్లి రిజర్వు అడవిలో 2,087 ఎకరాల కేసీఆర్ ఎకో పార్కును చూసి ఆశపడేవాళ్లకూ నా మాట ఇదే: అది నెమళ్లదీ కుందేళ్లదీ, అక్కడ గొలుసు విప్పొద్దు.

ఊళ్లో గొలుసు వేసింది భయం. పిచ్చికుక్క కాటుకు మందే లేని రోజుల్లో ఆ భయం ఎంతటిదో ఇప్పుడు ఊహించడం కష్టం. లూయీ పాశ్చర్ 1885లో టీకా వేసి దారి చూపాక మన దేశంలో 1900లో కసౌలీలోనూ 1907లో కూనూర్‌లోనూ పాశ్చర్ సంస్థలు వెలిశాయి. పెంచిన జంతువును అదుపులో పెట్టుకోకపోతే శిక్ష అని 1860 నాటి శిక్షాస్మృతి 289వ సెక్షన్ ముందే చెప్పింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 291. యజమాని లేని కుక్కల విషయంలో మున్సిపాలిటీలకు చాలాకాలం తెలిసిన మార్గం చంపడమే. మద్రాసులో మొదలైన జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్, చంపడానికి బదులు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదలాలని పోరాడింది. 2001లో కేంద్రం ఆ పద్ధతినే నియమాలుగా తెచ్చింది; 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల పెట్టిన బ్లూ క్రాస్ కూడా ఈ దారిలోనే నడిచింది.

కంచె వేసి, లోపల కుక్కను వదిలేసే పార్కు అమెరికాలో పుట్టింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1979లో వచ్చిన ఓలోన్ పార్కును మొదటిదిగా చెప్తారు. మన దగ్గరికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది. హైదరాబాద్ కొండాపూర్‌లో చెత్త పోసే 1.3 ఎకరాల స్థలాన్ని జీహెచ్‌ఎంసీ సుమారు 1.1 కోట్ల రూపాయలతో బాగుచేసి 2018లో డాగ్ పార్కుగా తెరిచింది. పెద్ద కుక్కలకు, చిన్న కుక్కలకు విడి ఆవరణలు, నీళ్లలో ఆడుకునే కుంట, వ్యాయామ సామగ్రి, పశువైద్యం. చెత్తకుప్పను అలా మార్చిన ఆలోచనను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ మహబూబ్‌నగర్ నుంచి అక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. రోజూ పొద్దున వెళ్లొచ్చే దూరమా అది?

అలాంటి చోటు దగ్గర్లో లేకపోవడం ఎంత ప్రమాదకరమో అడ్డాకుల మండలం పొన్నకల్‌లో కనబడింది. 2024 ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి కారులో వచ్చినవాళ్లు ఆ ఊళ్లో దాదాపు ఇరవై వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. పెంపుడు కుక్కను ఊరకుక్కలు చంపాయన్న పగే కారణమని పోలీసులు తేల్చారు. అంతకు ఏడాది ముందు హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని వీధికుక్కలు కరిచి చంపాయి. ఆ బిడ్డ తల్లిదండ్రుల దుఃఖం ముందు కుక్కల మీద ప్రేమ గురించి మాట్లాడటానికి నోరు రాదు. అయినా మాట్లాడాలి. పెంపుడు కుక్క, వీధికుక్క, చంటిపిల్లలు ఒకే ఇరుకు సందులో తారసపడుతున్నంత కాలం ఈ గొడవ తీరదు.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధికుక్కలకు తిండి పెట్టేందుకు వార్డుకో చోటు చూపమంది. నవంబర్ 7న బళ్లు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కలను తీసేసి, కంచెలు బిగించమంది. పిల్లలూ రోగులూ ఉండే చోట అది అవసరమే. తినే చోటు గురించి చెప్పారు, ఉండకూడని చోట్లు చెప్పారు. పెంపుడు కుక్క పరుగెత్తే చోటు సంగతి మాత్రం మిగిలిపోయింది.

మహబూబ్‌నగర్ 2025లో నగరపాలక సంస్థ అయింది. ఇళ్ల మధ్య జాగాలన్నీ ప్లాట్లు కాకముందే ఒక ఎకరం పక్కన పెట్టాలని నేను అడుగుతున్నాను. కొండాపూర్ హంగులన్నీ అక్కర్లేదు. ముఖ్యమైనది రెండు గేట్ల దారి: బయటి గేటు మూసి, ఆ చిన్న గదిలాంటి చోట గొలుసు విప్పి, ఆ తర్వాతే లోపలి గేటు తీయాలి. అప్పుడు ఒక కుక్క వస్తుంటే ఇంకొకటి బయటికి దూకిపోదు. గొలుసుతో ఉన్న కుక్క గొలుసు లేని గుంపులో చిక్కి బెదిరి కరవడమూ ఉండదు. కింద బండలు పరచొద్దు. మన ఎండకు బండ కాలితే పాదాలు బొబ్బలెక్కుతాయి. మట్టి, వేపచెట్లు, నీళ్ల తొట్టి చాలు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి టీకాలు పూర్తికాని కూనలను గేటు దగ్గరే ఆపాలి. ఆ గేటు పక్కనే వారానికొకరోజు రేబిస్ టీకా వేసే బల్ల పెట్టి, పార్కుకు వచ్చే పెంపుడు కుక్కలతోపాటు ఆ వార్డు వీధికుక్కలకూ వేయాలి. ఖర్చు కార్పొరేషన్ భరించాలి.