జాబితాలో పేరు

ఎన్నికలనగానే మనకు సభలు, ఊరేగింపులు, గోడలమీది గుర్తులు స్ఫురించును. కాని పోలింగునకు ఎన్నో నెలల ముందే, చడీచప్పుడు లేకుండ, ముఖ్యమైన నిర్ణయమొకటి జరుగుచున్నది. ఓటు ఎవరికి గలదు, ఎవరికి లేదు అనునదే ఆ నిర్ణయము. గోదావరి సీమలో ఎన్నికల చరిత్రను పరిశీలించినచో అది ముఖ్యముగా ఓటర్ల జాబితా చరిత్రయే యని తోచును.

రాజమహేంద్రవరము, కాకినాడ, ఏలూరు పట్టణములకు పంతొమ్మిదవ శతాబ్దిలోనే పురపాలక సంఘము లేర్పడినవి. తొలుత సభ్యులను దొరతనమువారే నియమించుచుండిరి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనా తీర్మానమును ప్రకటించిన పిమ్మట, 1884 నాటి మద్రాసు చట్టముతో ఎన్నిక పద్ధతి విస్తరించినది. అయినను ఓటు పన్ను చెల్లించువారిదే. ఇంటిపన్ను కట్టు షావుకారుకు జాబితాలో పేరుండెను. ఆ యింటిని కట్టిన తాపీపనివానికి లేకుండెను. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు నంగీకరించినను ఆస్తి నియమము తొలగలేదు. 1937 ఎన్నికలలో సైతము బ్రిటిషు ఇండియా జనాభాలో ఆరవవంతునకు మించి ఓటర్లు లేరు.

రాజ్యాంగములోని 326వ అధికరణము ఈ గోడను కూలద్రోసినది. ఇరువదియొక్క సంవత్సరములు నిండిన స్త్రీపురుషులందరకు ఓటు వచ్చినది. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్‌గారి ఆధ్వర్యమున సుమారు 17 కోట్ల పేర్లు జాబితాల కెక్కినవి. కాని ఉత్తరాదిని అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య ననియో కుమార్తె ననియో చెప్పినందున దాదాపు 28 లక్షల మంది ఓటు కోల్పోయిరి. హక్కు రాజ్యాంగ మిచ్చినను, పేరు నమోదు కానిచో అది చేతికందదు.

1952లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై గుర్తు ఉండెడివి. చదువురానివారు కాడెద్దులనో, కంకి కొడవలినో గుర్తించి కాగితము వేసిరి. రాజమండ్రి లోక్‌సభ స్థానము నాడు ద్విసభ్య నియోజకవర్గము. సోషలిస్టు నల్లా రెడ్డినాయుడుగారును, కమ్యూనిస్టు కానేటి మోహనరావుగారును ఎన్నికైరి. 1961లో ద్విసభ్య స్థానములు రద్దయినవి. 1989లో ఓటు వయస్సు పదునెనిమిదికి తగ్గినది. 2004 సార్వత్రిక ఎన్నికలలో దేశమంతటను యంత్రములు వచ్చినవి.

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలను కేంద్ర ఎన్నికల సంఘము నడుపగా, 1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణలవలన పంచాయతీ, పురపాలక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘము బాధ్యతయైనవి. శాసనసభ జాబితానే ఆధారముగా గైకొని, వార్డులవారీగా విభజించి, ఈ జాబితాలను సిద్ధపరచుదురు. ఈ విభజనలో పొరపాటు జరిగినచో ఏమగును? ఏలూరు నగరపాలక సంస్థయే దృష్టాంతము. జాబితాలోని తప్పులపై ఫిర్యాదులు హైకోర్టున కెక్కినవి. 2021 మార్చి 10న పోలింగు జరిగినను, లెక్కింపు జూలై 25 వరకు ఆగినది. ప్రజల తీర్పు నాలుగున్నర నెలలు పెట్టెలలోనే యుండిపోయెను.

కావున ముసాయిదా జాబితా ప్రకటించిన నాడు మనము చూపు శ్రద్ధ పోలింగునాటి శ్రద్ధకు తీసిపోరాదు. పేరు చేర్చుటకు 6వ నమూనా, అభ్యంతరము తెలుపుటకు 7వది, సవరణకు 8వది కలవు. ఒకప్పుడు పన్నుల పుస్తకము వెలుపల నిలువబడిన తాపీపనివాని మనుమలకు నేడు జాబితాలో చోటు కలదు. ఆ చోట వారి పేరు సరిగా నున్నదా యని చూచుట ప్రతి యింటివారి పని.