రాయా, బొక్కా? గోదావరి లోయలో శిలాజాల గుర్తింపు కథ

జగిత్యాల దిక్కునున్న మల్లాపూర్ చెలకల్లో నాగలికి తగిలే రాళ్లలో కొన్ని గుడ్డంత గుండ్రంగా, కొన్ని కాలి బొక్కలా పొడుగ్గా ఉంటాయి. అలాంటిది చేతికొస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది: ఇది శిలాజమా, మామూలు రాయా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ ఉన్న నేలను బట్టి చూస్తే మామూలు రాయి కావడానికే ఎక్కువ అవకాశం. ఇక్కడి గుట్టలు, గుండ్లు ప్రధానంగా గ్రానైటువి. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో కరిగి ఉన్న రాయి మెల్లగా చల్లారి గట్టిపడితే ఏర్పడ్డవి. అప్పటికి భూమ్మీద బొక్కలున్న జీవే పుట్టలేదు. ఆ గ్రానైటు ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడుతుంది, దాని మూలలు అరిగిపోతాయి. గుడ్డులాంటి గుండ్లన్నీ అట్లా తయారైనవే.

నది ఒడ్డున దొరికితే మాత్రం ఆగి ఆలోచించాలి. గోదావరి ఎగువన మహారాష్ట్ర నుంచి నల్లరాయినీ రంగురాళ్లనూ మోసుకొస్తుంది. ఆ నది పేర్చిన పాత ఒండ్రులో బొక్కలూ ఉన్నాయి. ఎగువ గోదావరి ఒండ్రులో ఏనాడో అంతరించిన ఏనుగుజాతి అవశేషాలు దొరికాయని భూగర్భ శాస్త్రవేత్త గై పిల్‌గ్రిమ్ 1905లోనే ప్రకటించాడు.

మల్లాపూర్ నుంచి నది వెంట ధర్మపురి, కోటిలింగాల దాటి రామగుండం చేరేసరికి నేల స్వభావమే మారిపోతుంది. గ్రానైటు పోయి ఇసుకరాయి, బొగ్గు, ఎర్రమట్టి, సున్నపురాయి వస్తాయి. ఇవన్నీ నదులూ చెరువులూ పొర మీద పొరగా పేర్చినవి. ప్రాణహిత, గోదావరి కలిసే ఈ లోయలో శిలాజాల వేట మొదలై నూట డెబ్భై ఏళ్లు దాటింది. ఒక రాయికి పేరు ఎట్లా వస్తుందో తెలుసుకోవడానికి తెలుగు నేల మీద ఇంతకంటే మంచి చోటు లేదు.

మొదట పేరొచ్చింది చేపకు. సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డునున్న కోటా అనే ఊరి సున్నపురాయిలో, మెరిసే పలకల్లాంటి పొలుసులున్న చేప దొరికింది. కర్నల్ సైక్స్ దాని సంగతిని 1851లో లండన్‌లో ప్రకటించాడు. చేపల శిలాజాల్లో దిట్ట అయిన ఫిలిప్ ఈగర్టన్ దాన్ని పరీక్షించి, దక్కను పేరు కలిపి లెపిడోటస్ దక్కనెన్సిస్ అన్నాడు. ఐరోపాలోని జురాసిక్ రాళ్లలో అలాంటి చేపలు అప్పటికే తెలుసు. అందుకే చేపకు పేరు పెట్టడంతోపాటు, కోటా సున్నపురాయి వయసును అంచనా కట్టే దారీ దొరికింది.

ఆసిఫాబాద్ దిక్కునున్న మలేడి ఎర్రమట్టి కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. నాగపూర్‌లో ఉంటూ రాళ్లు సేకరించిన స్కాట్లండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ద్వారా ఆ ఊరి శిలాజాలు పండితుల దృష్టికి వచ్చాయి. వాటిలో దువ్వెన పళ్లలా గట్లున్న చిన్న పలకలు కొన్ని ఉన్నాయి. అవి సెరటోడస్ అనే చేప పళ్లని భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డమ్ 1859లో తేల్చాడు. ఆ చేపను ప్రాణంతో చూసినవారు పండితుల్లో ఎవరూ లేరు. పళ్లు తప్ప దాని గురించి తెలిసింది బహు తక్కువ. పదకొండేళ్ల తర్వాత, 1870లో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదుల్లో దొరికే ఒక చేప నోట్లో అలాంటి పళ్లే ఉన్నాయని సిడ్నీలో గెరార్డ్ క్రెఫ్ట్ గుర్తించాడు. ఊపిరితిత్తితో గాలి పీల్చే చేప అది. మలేడి మట్టిలోని పలకలు ఎలాంటి జీవివో అప్పుడు కళ్లకు కట్టింది.

అదే మలేడి మట్టిలోని దవడ ముక్కలను జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ 1869లో హైపెరోడపెడాన్ అనే సరీసృపానివిగా గుర్తించాడు. స్కాట్లండ్‌లోని ఎల్గిన్ రాళ్ల నుంచి ఆ జంతువుకు పదేళ్ల ముందు పేరు పెట్టింది కూడా ఆయనే. ఒకే జీవి రెండు చోట్లా కనిపించడంతో మలేడి ఎర్రమట్టీ ఎల్గిన్ ఇసుకరాయీ ఒకే కాలానివని, ట్రయాసిక్ యుగానివని తెలిసింది.

తర్వాతి అధ్యాయం రాక్షసబల్లులది. కలకత్తాలోని భారత గణాంక సంస్థను నడిపిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ వచ్చారు. ఆమె చొరవతో అక్కడ భూవిజ్ఞాన విభాగం ఏర్పడి, ఈ లోయలో క్రమపద్ధతిలో వెతుకులాట మొదలైంది. సిరొంచ ప్రాంతంలో దాదాపు 300 బొక్కలు బయటపడ్డాయి. వాటి మధ్య రాయిగా మారిన చెట్ల మానులూ ఉన్నాయి. తొడబొక్క ఒక్కటే 1.7 మీటర్లు! తవ్వకం ఠాగూర్ శతజయంతి ఏట జరిగింది కాబట్టి 1975లో ఆ జంతువుకు బరపాసారస్ టగోరీ అని పేరు పెట్టారు.

ఉత్తరాన, తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర 1970ల చివర భూగర్భ సర్వే వారు తవ్వితే 840 ఎముకల భాగాలు వచ్చాయి. కనీసం పన్నెండు జంతువులవి. తుంటి ఎముక తక్కువ ఎత్తులో ఉండటం, తొడబొక్క మీద పాతకాలపు ఉబ్బు మిగలడం వంటి లక్షణాలు చూసి, ఇది బరపాసారస్ కాదని పి. యాదగిరి నిర్ణయించారు. 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం దీనిదే.

గుర్తింపు ఎప్పుడూ ఇంత సాఫీగా సాగదు. తమిళనాడు అరియలూరు ప్రాంతంలోని బొక్కలను యాదగిరి, అయ్యస్వామి కలిసి 1979లో ద్రవిడోసారస్ అన్నారు. వీపు మీద పలకలుండే రాక్షసబల్లిగా భావించారు. అది సముద్ర సరీసృపమని 1996లో శంకర్ ఛటర్జీ బృందం వాదించింది. 2017లో గాల్టన్, అయ్యస్వామి మళ్లీ మొదటి అభిప్రాయాన్నే సమర్థించారు. ఎముక అరిగిపోయి ముక్కలైతే అనుభవజ్ఞులకు కూడా ఇంత పేచీ వస్తుంది.

అందుకే వింత రాయి దొరికినప్పుడు దాన్ని ఇంటికి తెచ్చి కడగడం కన్నా, ఏ చోట, ఏ పొరలో, ఎంత లోతులో ఉందో ఫొటో తీసి రాసి పెట్టుకోవడం మేలు. చోటు తెలియని బొక్క సగం సాక్ష్యం పోగొట్టుకున్నట్టే. విరిగిన అంచున తేనెపట్టులాంటి రంధ్రాలు కనిపిస్తే అది బొక్క కావచ్చు, వయసు వలయాలు కనిపిస్తే చెట్టు కావచ్చు. సున్నపురాయి మీద ఫెర్న్ ఆకులా పరుచుకున్న నల్లగీతలు మాత్రం తరచూ మాంగనీసు మరకలే. హైదరాబాద్‌లోని భూగర్భ సర్వే కార్యాలయానికి ఆ ఫొటోలూ వివరాలూ చేరితే చూసి చెప్పగలిగినవారు అక్కడ ఉన్నారు.

చూడాల్సింది ఇంకా చాలా ఉంది. కోటా పొరల మట్టిని జల్లెడల్లో కడిగితే కంటికి ఆనని పళ్లు దొరికాయి. వాటితోనే 1981లో కోటాథీరియం అనే చిన్న పాలిచ్చే జంతువు లోకానికి తెలిసింది. అన్ని బొక్కలు దొరికిన కోటాసారస్‌కు మాత్రం తలభాగంలో రెండు పళ్లు తప్ప ఏమీ దొరకలేదు. దాని పుర్రె ఎట్లా ఉండేదో యామన్‌పల్లి చుట్టుపక్కల ఇసుకరాయీ మట్టీ చెప్పాల్సి ఉంది.