రేచెర్ల సామంతులు, మునగాల సంస్థానము

కాకతీయుల కాలమున నేటి సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతముల నేలిన సామంతులలో రేచెర్లవారు ముఖ్యులు. వారి బిరుదమును గ్రహించుటకొక పోలిక: ఐరోపాలో, విశేషించి 1066 తరువాతి ఇంగ్లండున, రాజునుండి నేరుగ భూమిని బడసినవానికి చెల్లిన ‘బారన్’ అను పేరు, 1387లో రెండవ రిచర్డు జాన్ బోషాంపునకు పత్రమూలమున నొసంగిన నాటినుండి భూమితో నిమిత్తములేని గౌరవముగ కూడ నుండజొచ్చెను. రేచెర్లవారి ‘ఆమనగంటి పురవరాధీశ్వర’ బిరుదమును ఇట్టిదే. మిర్యాలగూడ చెంతనున్న ఆమనగల్లు వారి మూలస్థానమని తెలుపుటయే కాని, బిరుదధారి యెల్లప్పు డచటనే యుండెనని దానినిబట్టి నిర్ణయింపరాదు.

సూర్యాపేటకు సమీపమునందలి పిల్లలమఱ్ఱి యీ వంశచరిత్రకు ప్రధానాధారము. అచటి శాసనములలో శా.శ. 1117 (క్రీ.శ. 1195) నాటిది రేచెర్ల నామిరెడ్డికి సంబంధించినది; ఆ వంశపు బేతిరెడ్డి భార్య యెఱకసాని తన పేర నెఱకేశ్వరాలయమును 1208లో ప్రతిష్ఠించెను. సామంతుని పత్ని స్వనామమున నాలయము నెత్తించి శాసనము వేయించుట యా కుటుంబమున స్త్రీలకుగల ధనాధికారములకు ప్రబల నిదర్శనము.

వంశోత్పత్తిని గూర్చి రెండు కథనములున్నవి. వెలుగోటివారి వంశావళి పిల్లలమఱ్ఱి చెవ్విరెడ్డికి నిధి లభించెననియు, అందులకై ప్రాణమర్పించిన రేచడను సేవకునిపేర రేచెర్ల గోత్ర మేర్పడెననియు చెప్పును. చెవ్విరెడ్డి గణపతిదేవుని కాలమువాడని దాని యభిప్రాయము. కాని గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు వేయించిన 1213 నాటి పాలంపేట శాసనము, కాకతిరాజును సేవించిన బ్రహ్మసేనాని మొదలుకొని యా వంశమును పెక్కు తరములు వెనుకకు గొనిపోవుచున్నది. కావున గోత్రనామ మంతకు బూర్వమే యుండెననుట సమంజసము. నిధికథ తరువాత జేరినదై యుండవచ్చును. రాచకొండ, దేవరకొండల నేలిన రేచెర్ల పద్మనాయకులకును ఈ రెడ్డి శాఖకును గల సంబంధము వివాదాస్పదము.

అర్వాచీనకాలమున నీ ప్రాంతపు ప్రసిద్ధ సంస్థానము మునగాల. నిజాము రాజ్యముచే చుట్టబడియు మద్రాసు రాజధానికి, కృష్ణా జిల్లాకు జేరియుండిన యీ పరగణాకు, నేటి అనంతగిరి మండలమునకు బొరుగున నున్న నడిగూడెము జమీందారుల నివాసస్థానము. జమీందారు రాజా నాయని వెంకటరంగారావు, దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల యత్నమున 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలియు వెలసెను. జాతీయపతాక రూపకర్తగ ప్రసిద్ధుడైన పింగళి వెంకయ్య నడిగూడెమున కొంతకాలముండుట నిజమే. జాతీయపతాక మచటనే రూపొందెనను మాట మాత్రము స్థానిక ప్రతీతి.

1930లలో జమీందారీ వ్యతిరేక రైతుపోరాటము పరగణాను గదలించెను. 1948 నాటి మద్రాసు చట్టముచే జమీందారీ రద్దుకాగా, ఆంధ్రప్రదేశావతరణానంతరము మునగాల నల్లగొండ జిల్లాలో విలీనమయ్యెను.