తీగ కొసన చిలుము



తొలకరి చినుకులు పడి దుక్కులు మొదలయ్యే వేళకు మన ముదిగొండ ప్రాంతంలో ఏటా వినబడే మాట ఒకటి ఉన్నది. "సారూ, తాళం తిప్పితే టక్కుమంటోంది గాని ఇంజను తిరగడం లేదు. బ్యాటరీ పోయినట్టుంది" అంటారు. వెంటనే ఖమ్మం పోయి వేలు పోసి కొత్త బ్యాటరీ తెస్తారు. కొత్తది బిగించాక బండి కదులుతుంది. కాని రెండు వానలు పడేసరికి మళ్లీ అదే టక్కుమనే చప్పుడు. ఇందులో చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు. దాని బుడిపెకు పట్టి ఉన్న క్లిప్పుదీ, ఆ క్లిప్పులోకి దూరిన రాగి తీగ కొసదీను. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్లవుతుంది మన పని.

ఈ క్లిప్పుకు పట్టే జబ్బు కొత్తది కాదు. దాని చరిత్ర తెలిస్తే మందు కూడ దానంతట అదే తెలుస్తుంది. కనుక ముందు ఆ చరిత్ర చెప్పుకొందాము.

ఇనుముకు పట్టేది తుప్పు. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. ఈ తేడా మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే చిలుమెక్కుతుందనీ, అది తింటే వాంతులవుతాయనీ వారికి ఎప్పటినుంచో తెలుసు. అందుకే వీధిలోకి కళాయివాడు వస్తే గిన్నెలు బయట పెట్టేవారు. అతడు గిన్నెను వేడి చేసి లోపల తగరం పూత పూసేవాడు. నేడు మంచి రాగి లగ్గులు తెల్లగా మెరుస్తూ ఉంటాయి, చూడండి. అదీ తగరం పూతే. వంటింటి విద్యే బండిలోకి ఎక్కిందన్నమాట.

ఇక బ్యాటరీ క్లిప్పు మీద పూచే పొడిని గమనించండి. తెల్లగా ఉన్నదానిలో ఎక్కువ భాగం సీసం ఆమ్లంతో కలిసి పుట్టినది. నీలంగా, పచ్చగా ఉన్నది మాత్రం మీకు బాగా తెలిసిన సరుకు. అదే మైలుతుత్తం! బ్యాటరీలో ఉన్న గంధకామ్లం సన్నని తుంపరగా, బుడిపె మొదట్లో చెమ్మగా బయటికి వచ్చి రాగిని తింటే పుట్టేది అదే. దుకాణంలో కొని సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసుకొనే పదార్థం మన క్లిప్పు మీద ఊరికే తయారవుతున్నది. అయితే అది ఊరికే కాదు, మన రాగిని తిని తయారవుతున్నది.

బోర్డో మిశ్రమం పేరు వచ్చింది గనుక మరో మాట. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల వారు దారి పక్క తీగలకు దొంగల భయంతో మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు తెగులు రాకపోవడం మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు గమనించి, 1885లో ఆ మందును లోకానికి చాటాడు. ఆ మందు కుదిరిందో లేదో చూడడానికి మనం ఏమి చేస్తాము? శుభ్రమైన ఇనుప కత్తిని అందులో ముంచుతాము. కత్తికి ఎర్రని రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం. అంటే తడి తగిలితే చాలు, ఒక లోహం కరిగి మరో లోహానికి చోటు ఇస్తుంది. ఆ కత్తి మీద కనబడే ధర్మమే క్లిప్పు దగ్గరా పనిచేస్తుంది.

లోకం ఈ ధర్మాన్ని సముద్రం మీద పెద్ద నష్టంతో నేర్చుకొన్నది. 1761లో ఇంగ్లండు నౌకాదళం వారు అలారం అనే ఓడ అడుగుకు చెక్కపురుగు తొలవకుండా రాగిరేకు తొడిగారు. 1763లో పరీక్షించగా రాగి బాగానే ఉన్నది గాని, దానిని తాకిన ఇనుప మేకులు మాత్రం తినివేయబడి ఉన్నవి. రేకులు చుట్టి తెచ్చిన కాగితం ఎక్కడ పొరపాటున మధ్యలో ఉండిపోయిందో అక్కడి మేకులు మాత్రం చెక్కు చెదరలేదు! రెండు లోహాలు తాకి, మధ్య ఉప్పునీరు చేరితే ఒకటి రెండోదానికి బలి అవుతుందన్న మాట. ఎందుకో అప్పుడు ఎవరికీ తెలియలేదు. 1800లో ఇటలీ దేశపు వోల్టా తుత్తునాగపు బిళ్లలు, వెండి బిళ్లలు ఒకటి విడిచి ఒకటి పేర్చి, నడుమ ఉప్పునీటిలో తడిపిన ముక్కలు పెట్టి విద్యుత్తు పుట్టించాడు. రెండు లోహాలూ, తడీ కలిస్తే అదే ఒక చిన్న బ్యాటరీ అని తేలింది. 1824లో హంఫ్రీ డేవీ ఆ జ్ఞానంతోనే ఓడల రాగిరేకుకు కొంచెం తుత్తునాగమో, ఇనుమో తగిలించి రాగిని కాపాడి చూపించాడు.

మన బండిలో ఏమున్నది? సీసపు బుడిపె, ఇత్తడి క్లిప్పు, రాగి తీగ, ఇనుప బోల్టు. నాలుగు లోహాలు ఒక్కచోట. దానికి తోడు ఆమ్లపు చెమ్మ, వాననీరు, బురద. వోల్టా పేర్చినదే మనం తెలియక పేర్చుకొన్నాము. తేడా ఏమిటంటే, ఈ చిన్న బ్యాటరీ మనకు పని చేయదు. మన సొమ్మే తింటుంది.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే కనిపెట్టాడు. అయినా చాలాకాలం బండ్లను చేతి హ్యాండిలుతోనే తిప్పేవారు. హ్యాండిలు ఎదురు తన్ని చేతులు విరిగినవారు ఎందరో. అమెరికాలో కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లకు వచ్చింది. చేతి కష్టం తప్పింది. కాని ఆ బరువంతా పిడికెడు క్లిప్పు మీద పడింది. హ్యాండిలు ఇంజనుకు చిలుముతో పని లేదు. స్టార్టరు బండికి చిలుమే యజమాని.

మన దగ్గరికి వద్దాము. ఖమ్మం 1953లో వరంగల్లు నుంచి విడివడి జిల్లా అయినది. 1959లో భద్రాచలం తాలూకా వచ్చి దానిలో కలిసింది. అదే 1959లో ఫరీదాబాదులో ఐషర్ సంస్థ ట్రాక్టరు తయారీ మొదలుపెట్టింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మన జిల్లా దాకా సాగి మెట్టను మాగాణి చేసింది. మాగాణి వచ్చాక ట్రాక్టరు దుక్కికే పరిమితం కాలేదు. ఇనుప చక్రాలు తగిలించుకొని దమ్ములోకి దిగింది. బురదనీరు బ్యాటరీ పెట్టె దాకా చిమ్మడం మొదలైంది. ఆ దమ్ము కాలంలోనే చిలుము పెరిగేది, ఆ దమ్ము కాలంలోనే బండి మొరాయించేది. నాట్ల కూలీలు గట్టు మీద కూర్చొని ఉంటారు, నారు ముదురుతూ ఉంటుంది.

ఇంత చిన్న పొడి అంత పెద్ద ఇంజనును ఎలా ఆపుతుంది? లెక్క చూడండి. స్టార్టరు 200 ఆంపియర్లు లాగుతుందనుకొందాము. చిలుము వల్ల అతుకులో ఓములో నూరో వంతు అడ్డు ఏర్పడితే చాలు, 2 వోల్టులు అక్కడే పోతాయి. 12 వోల్టుల బ్యాటరీలో ఆరో వంతు! 400 వాట్ల వేడి ఆ క్లిప్పులోనే పుడుతుంది. దీపానికి తక్కువ కరెంటు చాలు గనుక దీపం వెలుగుతూనే ఉంటుంది, స్టార్టరు మాత్రం తిరగదు. కనుక మీటరు లేని రైతుకు కూడ పరీక్ష ఉన్నది. కొద్ది సెకండ్లు స్టార్టరు తిప్పి, తాళం తీసి, క్లిప్పులను చేత్తో మెల్లగా తాకి చూడండి. ఏది కాలుతుంటే అదే దొంగ.

ఇక్కడ ఒక హెచ్చరిక. పైపొడి గీకి, గ్రీజు పూసి, పని అయిందనుకోకండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆమ్లపు చెమ్మ వత్తిలో నూనె ఎక్కినట్లు రాగిపోగుల మధ్యగా రబ్బరు తొడుగు లోపలికి ఎక్కుతుంది. తొడుగు పైకి నిగనిగలాడుతుంది, లోపల పోగులు నల్లబడి ఉంటాయి. అందుచేత చిలుము పట్టిన కొసను కోసివేసి కొత్త లగ్గు వేయడమే నిజమైన వైద్యం.

ఆ పని చేసే వరుస ఇది. ఇంజను ఆపి తాళం తీయవలెను. దగ్గరలో బీడీ, మంట ఉండకూడదు, ఏలనంటే బ్యాటరీ నుంచి వచ్చే ఉదజని వాయువు నిప్పురవ్వకు పేలుతుంది. బాడీకి కలిపిన తీగను ముందు విప్పాలి. నేటి బండ్లలో అది మైనస్ తీగ. కొన్ని పాత ఇంగ్లీషు ట్రాక్టర్లలో ప్లస్ తీగ బాడీకి ఉండేది, కనుక గుర్తు చూసుకొని మొదలుపెట్టండి. ముందు దాన్నే విప్పితే, తరువాత రెండోది విప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా నిప్పురవ్వ రాదు. బిగించేటప్పుడు ఇది చివర రావాలి.

క్లిప్పు రాకపోతే సుత్తితో కొట్టవద్దు, బుడిపె మొదట్లో పగులుతుంది. బ్యాటరీ మూతలు బిగించి, వంటసోడా కలిపిన నీటితో బుడిపెలను కడగండి. బుస్సున పొంగితే ఆమ్లం విరుగుతున్నదని గుర్తు. బోర్డో మిశ్రమంలో సున్నం చేసే పని ఇక్కడ సోడా చేస్తుంది. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. అందులో సీసం ఉంటుంది గనుక గొడ్లు తాగే చోట, బావి దగ్గర పారబోయరాదు. చేతులు సబ్బుతో కడుక్కోవలెను.

తరువాత తీగను కొసనుంచి కొంచెం కొంచెంగా కోస్తూ, ఎర్రగా మెరిసే రాగి కనబడే దాకా వెనక్కి పోండి. తీగ పొట్టి అయితే మొత్తం తీగనే మార్చండి. మందం తగ్గించవద్దు, అల్యూమినియం తీగ అసలే వద్దు. లగ్గును కటింగ్ ప్లేయరుతో నొక్కి, సుత్తితో చదును చేస్తే అతుకులో గాలీ తడీ చేరుతాయి. సరైన నొక్కుడు పనిముట్టు ఉన్న ఎలక్ట్రీషియను దగ్గరికి తీగను పట్టుకుపోతే నిమిషాల్లో అయ్యే పని. రెండో కొసను మరవకండి. అది బాడీకి బిగించే చోట రంగు, తుప్పు గీకి, ఇనుము మెరిసేలా చేసి బిగించాలి. అంతా బిగిసిన తరువాతే పైన వేసలీనో, గ్రీజో పూయవలెను. అది తడిని ఆపుతుంది గాని వదులు అతుకును బాగుచేయదు.

బ్యాటరీతో పాటు ట్రాలీ వెనుక ఎర్రదీపం ప్లగ్గును కూడ చూడండి. పత్తి, మిరప వేసుకొని రాత్రివేళ ఖమ్మం దారి పట్టే ట్రాలీకి ఆ దీపం వెలగకపోతే వెనుక వచ్చే మోటారు సైకిలువానికి ప్రాణాపాయం. రెండు తీగలకు పురి పెట్టి టేపు చుడితే ఒక్క వానకాలమే. చిలుము పట్టిన ప్లగ్గు ఖరీదెంత, మనిషి ఖరీదెంత?

కాలం మారిన కొద్దీ ఈ శ్రద్ధ అవసరం పెరుగుతున్నదే గాని తగ్గలేదు. 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా సంస్థ మొదలై, నీరు పోయనక్కరలేని బ్యాటరీలు మన నేల మీదే తయారవుతున్నవి. నీటి పని తప్పినా క్లిప్పు పని తప్పలేదు. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవరు మించిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చి, ఇంజను నడకను చూసుకొనే ఎలక్ట్రానిక్ పరికరాలు ఎక్కువైనవి. వాటి తీగల్లో నడిచేది చాలా చిన్న కరెంటు. గోరంత చిలుముకే అవి తప్పుడు కబురు పంపుతాయి. అలాంటి ప్లగ్గుల మీదికి గొట్టంతో నీరు చిమ్మి కడగవద్దు.

గ్రామసేవలో ఉన్న తోటి ఉద్యోగులకు ఒక మనవి. రైతు సభలో విత్తనం, ఎరువు చెప్పినట్లే ఒక చిలుము పట్టిన క్లిప్పునూ, ఒక కొత్త లగ్గునూ పక్కపక్కన పెట్టి చూపండి. నేర్చుకోగోరే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉన్నదని చెప్పండి. నిజంగానే చచ్చిన బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టకుండా అమ్మినవారికే తిరిగి అప్పగించాలని, 2022 నిబంధనలు కూడ దానిని మళ్లీ వాడకంలోకి తేవాలనే చెబుతున్నవని తెలపండి.

మృగశిర కార్తెకు ముందు ఒక సాయంత్రం, దమ్ము అయిపోయాక మరొక సాయంత్రం. ఏడాదికి ఈ రెండు పూటలు క్లిప్పుల కోసం కేటాయించండి. కొత్త బ్యాటరీ కొనే ముందు తీగ కొస ఒక్కసారి కోసి చూడండి. రాగి ఎర్రగా ఉంటేనే సంచిలో డబ్బు తీయండి.