ఒక్క డాలరు తగవు



ఉగాది సంచికకు ఏదైన ఒకటి వ్రాయుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఈసారి సంగీతమును గురించి వ్రాయుదుమంటిమి. ఆయన మా ముఖమువంక చూచి నవ్వినారు. నవ్వవలసినదే. రాగమునకు, తాళమునకు మేము ఆమడ దూరము. మెట్రిక్కు ప్యాసయి, ఈ ఖుర్దా రోడ్డులో రైల్వే గుమాస్తాగా లెక్కలు వ్రాసుకొనువారము. అందుచేత పాటను గురించి కాక, పాట ఖరీదును గురించి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ ఆలోచన కలిగించినది మన సంఘ భవనములోని రేకుపెట్టె. పోయిన దసరాకు బీరువాలు దులుపుచుండగా అందులో పాత గ్రామఫోను రికార్డులు బయటపడినవి. కొన్ని నాటక పద్యములు, కొన్ని సినిమా పాటలు. వాటిని గుడ్డతో తుడుచుచుండగా మన పెద్దలలో ఒకరు ఒక రికార్డును చేతిలోనికి తీసికొని, "దీనికోసం మా నాన్నగారు నెల్లాళ్ళు కాఫీ మానేసేరు నాయనా" అన్నారు. ఆ మాట మమ్ము విడువలేదు. నెల్లాళ్ళు కాఫీ మానిన మనిషికి ఆ రికార్డు అమ్మినవారు ఏమైన బాకీ పడినారా? డబ్బు ఇచ్చినాడు, సరకు తెచ్చుకొన్నాడు, అంతటితో సరి అందుమా? చరిత్ర ఏమి చెప్పుచున్నదో చూతము.

పాత రికార్డు దేనితో చేసినదో నేటి పిల్లలకు తెలియదు. అది ముఖ్యముగా లక్క. మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలమీద ఒక చిన్న పురుగు పెట్టెడి జిగురు. వెనుకటి రోజులలో పార్సెలు సంచుల మూతికి కరగించి ముద్ర వేసిన లక్కకు అది అన్నదమ్ముల వరుస. చోటా నాగపూరు అడవులలో పోగైన లక్క కలకత్తా రేవులో ఓడలెక్కి దేశదేశములకు పోయెడిది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు మన దేశపు తొలి రికార్డులలో చేరినవి. కాని ఆ రికార్డులు అచ్చయినది జర్మనీలోని హానోవరులో. లక్క మనది, గొంతు మనది; పళ్ళెము మాత్రము సముద్రము దాటి వచ్చినది. ఆ రాకపోకల ఖర్చు ఎవరి నెత్తిన పడినదో వేరుగ చెప్పనక్కరలేదు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసిన పిమ్మట రికార్డులు మన గడ్డమీద తయారగుట మొదలైనది.

రెండవ ప్రపంచ యుద్ధములో లక్కకు కరవు వచ్చినది. ఓడల రాకపోకలు కష్టమైనవి. పైగా లక్క యుద్ధ సామగ్రికి కూడ కావలసి వచ్చినది. 1942లో అమెరికా ప్రభుత్వము రికార్డు కంపెనీలు వాడెడి లక్కకు పెద్ద కోత విధించినది. క్రొత్త రికార్డు కావలెనన్న పాత రికార్డు తెచ్చి ఇమ్మని అనేక అంగళ్ళలో అడిగిన రోజులవి. కష్టమే గాని, అందులో మోసము లేదు. కరవు అందరి కళ్ళకు కనబడుచునే ఉన్నది.

1948 జూనులో అమెరికాలోని కొలంబియా కంపెనీ ఎల్.పి. రికార్డును బయటపెట్టినది. నిముషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డులో ఒక ప్రక్క మూడు నాలుగు నిముషముల పాట పట్టును. 33 చుట్లకు పైచిలుకు తిరుగు ఈ క్రొత్త దానిలో ఒక ప్రక్క ఇరువది నిముషములు దాటి పట్టును. ఇది లక్కతో చేసినది కాదు, వినైలు అను ప్లాస్టిక్కుతో చేసినది. వినైలుకు మూలము చమురు. కనుకనే 1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతి బిగించినప్పుడు రికార్డు పళ్ళెములు పలుచనైనవి, ధరలు మాత్రము బరువెక్కినవి. 1970 ప్రాంతమున ఆరు డాలర్లకు రెండు సెంట్లు తక్కువగా ఉండిన ధర 1980 నాటికి 8 డాలర్ల 98 సెంట్లకు వచ్చినది.

ఇంతవరకు జరిగిన పెరుగుదలకు ఏదో ఒక కారణము చూపవచ్చును. ముడిసరకు, ఓడ కేవు, కూలి, అన్నియు పెరిగినవి. 1981లో వచ్చిన తగవు అటువంటిది కాదు.

అమెరికాలో టామ్ పెట్టీ అను గాయకుడుండెను. 1950లో ఫ్లోరిడా రాష్ట్రమునందలి గెయిన్స్‌విల్‌లో జన్మించినాడు. ఆయన వాద్యబృందము పేరు హార్ట్‌బ్రేకర్స్. 1979లో, ఆయన రికార్డులను పంపిణీ చేయు కంపెనీని ఎం.సి.ఎ. అను పెద్ద కంపెనీ కొన్నది. గిడ్డంగిలోని సామానుతో పాటు గాయకుని ఒప్పందమును గూడ బదిలీ చేసికొనుటకు ఆయన సమ్మతింపలేదు. వ్యాజ్యము నడిచినది. ఆ ఒప్పందమునుండి బయటపడుటకు దివాలా పిటీషను వేయుటకైన వెనుదీయలేదు. చివరకు రాజీ కుదిరి, అదే సంవత్సరము వచ్చిన ఆయన రికార్డు అమెరికా పట్టికలో రెండవ స్థానమునకు ఎక్కినది. అంతటితో కంపెనీవారికి ఆయన పాట బంగారు బాతు అయి కూర్చున్నది.

అప్పటికి ఆ కంపెనీ ఒక క్రొత్త పద్ధతి ఆరంభించి యుండెను. పేరుపొందిన వారి రికార్డులకు మామూలు ధరకంటె ఒక డాలరు ఎక్కువ పెట్టుట. 1980లో స్టీలీ డాన్ బృందము వారి 'గాచో' రికార్డును, 'జనడూ' సినిమా పాటలను 9 డాలర్ల 98 సెంట్లకు అమ్మినారు. తరువాతి వంతు టామ్ పెట్టీ క్రొత్త రికార్డుది.

ఆ రికార్డులో వినైలు ఎక్కువ పట్టునా? పట్టదు. అచ్చువేయు కూలి ఎక్కువా? కాదు. ఈ ఒక్క డాలరుకు ఉన్న కారణమంతయు, ఈయన పాటను జనము ప్రేమించుచున్నారు, ఎంత అన్నను కొందురు అనుటయే. దీనిని తరచి చూచిన, ప్రేమకు వేసిన పన్ను అని తోచుచున్నది.

ధర పెరిగిన గాయకుని వాటాయు పెరుగును గనుక, ఊరకున్నచో ఆయనకు లాభమే. ఆయన ఊరకుండలేదు. ధర పెంచినచో రికార్డు ఇయ్యనన్నాడు. కాదన్నచో రికార్డుకు '8.98 డాలర్లు' అనియే పేరు పెట్టెదనన్నాడు. అట్టపై పేరే ధర అయినప్పుడు, దానిమీద 9.98 చీటీ ఎట్లు అంటించెదరు? అభిమానులు కంపెనీకి ఉత్తరములు వ్రాసినారు. చివరకు కంపెనీ దిగివచ్చినది. 1981 మే నెలలో ఆ రికార్డు 'హార్డ్ ప్రామిసెస్' అను పేరుతో పాత ధరకే విడుదలై, పట్టికలో ఐదవ స్థానము వరకు పోయినది. అట్టమీది బొమ్మలో ఆయన ఒక రికార్డుల అంగడిలో నిలుచుండును. ప్రక్కనున్న పెట్టెపై 8.98 అని ధర కనబడును. తగవు గెలిచినవాడు చేసికొన్న ఉత్సవమంతయు ఆ చిన్న చీటీయే.

ఆ విజయముతో ధరలు ఆగిపోయినవా? ఆగలేదు.  పిదప సి.డి.లు వచ్చినవి. అంగళ్ళవారు ప్రకటనలలో తక్కువ ధర చూపకుండ ఐదు పెద్ద కంపెనీలు షరతులు పెట్టినవని అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘము 2000లో తేల్చినది. దీనివలన మూడు సంవత్సరములలో జనము 48 కోట్ల డాలర్ల వరకు అధికముగా చెల్లించి యుందురని అంచనా కట్టినది. కంపెనీలు ఆ షరతులు మానుకొనుటకు ఒప్పుకొన్నవి. రాష్ట్రములు వేసిన వ్యాజ్యము 2002లో రాజీపడి, తుదకు లక్షలాది జనులకు తలకొక 14 డాలర్లకు కొంచెము తక్కువ చెక్కులు చేరినవి. న్యాయము ఆలస్యముగ వచ్చినప్పుడు ఎంత చిన్నదై వచ్చునో దీనివలన తెలియుచున్నది.

నేడు వినైలు తిరిగి లేచినది. 2022లో అమెరికాలో సి.డి.లు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడుపోగా వినైలు రికార్డులు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడైనవి. సంఖ్యలో వినైలు ముందుకు వచ్చుట 1987 తరువాత అదే మొదలు. ధరయు లేచినది. క్రొత్త ఎల్.పి. ముప్పది డాలర్లు పలుకుట సామాన్యమైనది. "నాడు తొమ్మిది, నేడు ముప్పదియా!" అని గుండెలు బాదుకొనుటకు ముందు గుమాస్తా లెక్క ఒకటి చూడవలెను. అమెరికాలో ధరల సూచి 1981 నుండి 2024 నాటికి సుమారు మూడున్నర రెట్లయినది. ఆ లెక్కన 1981 నాటి 8 డాలర్ల 98 సెంట్లు 2024 నాటి 31 డాలర్లతో సమానము. అనగా ముప్పది డాలర్ల ధర తనంతట అన్యాయమని అనుటకు వీలులేదు. దానికి తోడు, రికార్డుల మూలపు అచ్చు కోయుటకు కావలసిన పూత పళ్ళెములు చేయు కాలిఫోర్నియా కర్మాగారము 2020 ఫిబ్రవరిలో కాలిపోయినది. అట్టివి లోకములో రెండే ఉండగా, రెండవదియైన జపాను కర్మాగారము మీదనే భారమంతయు పడినది. ఇది కారణము గల కష్టము. కాని అదే పాటను నాలుగు రంగుల పళ్ళెములలో, నాలుగు అట్టలలో వేసి, అభిమాని నాలుగును కొనకుండ ఉండలేడని లెక్క వేసికొనుట మాత్రము 1981 నాటి ఆ డాలరుకు దగ్గరి చుట్టము.

అమ్ముకొనువాడు తన సరకుకు తోచిన ధర పెట్టుకొనరాదా, ఇష్టము లేనివాడు మానివేయరాదా అని కొందరు అడుగుదురు. ఈ మాటలో బలము లేకపోలేదు. మా శాఖలోనే 2016లో కొన్ని గొప్ప బండ్లకు, సీట్లు నిండుచున్న కొలది ఛార్జీ పెరుగు పద్ధతి వచ్చినది. అంగడి అద్దె కట్టవలెను, గాయకుడు బ్రతుకవలెను, కంపెనీ నిలువవలెను. మేము కాదనము. కాని బియ్యము ప్రియమైన వేరొక అంగడికి పోవచ్చును. ఒక గాయకుని పాట ఆ గాయకుని వద్దనే దొరకును. ఇంకొక అంగడికి పోలేనివానివద్ద ధర పెంచునప్పుడు, పెంచువానికి సంజాయిషీ చెప్పు బాధ్యత కలదు. కారణము చెప్పగలిగినది ధర. చెప్పలేనిది దండుగ. టామ్ పెట్టీ చరిత్రలో మాకు కనబడిన నీతి ఇంతే.

ఆయన 2017లో మరణించినాడు. ఆయన పాటలు మాకు అర్థమగునని బొంకము. ఆయన మాట మాత్రము అర్థమైనది. నెల్లాళ్ళు కాఫీ మానిన ఆ తండ్రికి అమ్మినవారు ఏమి బాకీ అని మొదట అడిగితిమి. ఆ బాకీ డబ్బు కాదు. ఆయన మక్కువను చూచి ధర కట్టకుండుట, కట్టిన ధరకు కారణము చెప్పగలుగుట. అది ఒక మనిషికి మరొక మనిషి తీర్చవలసిన బాకీ.

మన సంఘము ఉగాది సంగీత సభకు ఏటేట టిక్కెట్టు పెట్టుచున్నది. ఈ ఏడు పాడ వచ్చువారు పేరు మోసినవారు గనుక వెనుక వరుసలకు గూడ ధర పెంచిన బాగుండునని మొన్నటి సమావేశములో ఒక మాట వచ్చినది. హాలు అద్దె పెరిగినచో ఆ పెరిగినంత పెంచుదము, లెక్క గోడమీద అంటించుదము. పాడువారిమీద మనవారికి గల ప్రేమను మాత్రము లెక్కలోనికి తేవలదని సభ్యులకు మనవి చేయుచున్నాము. ఆ రేకుపెట్టెను సభనాడు వేదిక ప్రక్కన ఉంచినచో, వచ్చినవారందరు చూచి సంతోషింతురు.

అందరికిని క్రొత్త సంవత్సరము శుభమగు గాక!