వైర్‌లెస్ కెమెరా సెన్సార్ నెట్‌వర్క్: డేటా తగ్గింపుతో శక్తి పొదుపు

కరెంటు తీగ చేరని చోట బ్యాటరీతో పనిచేస్తూ, తీసిన చిత్రాలను రేడియో ద్వారా పంపే కెమెరాల సముదాయం ఇది. బ్యాటరీని ఎక్కువగా తినేది తరచు రేడియోనే. 2000లో పరిశోధకులు పాటీ, కైజర్ వేసిన లెక్కలో వెయ్యి బిట్లను 100 మీటర్లు పంపే శక్తితో ప్రాసెసర్ సుమారు 30 లక్షల ఆదేశాలు అమలు చేయగలదు. 640×480 నలుపు తెలుపు చిత్రమొక్కటే, కుదించకపోతే, పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున 3,07,200 బైట్లు. అందుకే వడపోత కెమెరాలోనే జరగాలి: మారని నేపథ్యాన్ని వదిలేసి కదిలిన భాగాన్నే పంపడం, ఒకే దృశ్యాన్ని చూసే పక్క కెమెరాలు వంతులు వేసుకోవడం. అయితే కుదింపు లెక్కలూ బ్యాటరీని తింటాయి. ఈ ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి.

ఒంగోలుకు పడమట నల్లమలలో, నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో పులుల గణనకు పెట్టే కెమెరాలు ఈ దారిలో తొలి మెట్టు. ఒంటివేడితో కదిలే జంతువును పరారుణ సెన్సార్ పసిగడితేనే ఫొటో తీస్తాయి. సాధారణంగా మెమరీ కార్డులోనే దాచుకుంటాయి కనుక వీటిని నెట్‌వర్క్ అనడం కాస్త అతిశయమే. 2018 జాతీయ గణనలో వచ్చిన 3,48,58,623 ఫొటోల్లో పులులవి 76,651 మాత్రమే. 2022లో మధ్యప్రదేశ్‌లోని కాన్హా–పెంచ్ కారిడార్‌లో అమర్చిన ట్రైల్‌గార్డ్ కెమెరాలు పులిని తమలోనే గుర్తుపట్టి, ఆ చిత్రాలను సెల్ నెట్‌వర్క్‌లో పంపాయి.